రెండో బిడ్డ అప్పుడే వద్దు, ఆపరేషనూ వద్దు.. మరి మధ్యలో ఏముంది?

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 24. మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో గుమస్తా. సిజేరియన్ అయి అయిదు నెలలైంది, బాబు. ఇంకా నెలసరి మొదలు కాలేదు. బాబుకు నా పాలే ఇస్తున్నాను, నెల రోజులుగా రాత్రిళ్లు మాత్రం డబ్బా పాలు పడుతున్నాం. గత రెండు నెలల్లో మూడుసార్లు 72 గంటల మాత్ర వేసుకున్నాను. మా అత్తయ్య ‘ఏమీ వాడొద్దు, రెండోది కూడా వెంటనే కనేసి ఆపరేషన్ చేయించుకుంటే ఓ పనైపోతుంది’ అంటున్నారు. ఆశా అక్క అంతరా ఇంజెక్షన్ గురించి చెప్పింది. అది చేయించుకుంటే ఇక పిల్లలే పుట్టరని పక్కింటావిడ భయపెట్టింది. వారం నుంచి తెల్లబట్ట, దురద కూడా ఉన్నాయి. ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను. నా పేరు వేయకండి.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: పేరు వేయలేదమ్మా, స్థిమితంగా చదవండి.

మిగతావన్నీ తర్వాత. రేపు పొద్దున లేవగానే మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. మెడికల్ షాపుకు వెళ్లడానికి మొహమాటమైతే ఆశా అక్కనే అడగండి, ఆమె దగ్గర ఉచితంగా ఇచ్చే నిశ్చయ్ కిట్ ఉంటుంది. ‘నెలసరే రాలేదు, గర్భం ఎలా వస్తుంది?’ అనుకోవద్దు. అండం విడుదలైన రెండు వారాలకు గానీ నెలసరి రాదు. అంటే ప్రసవం తర్వాత మొదటి అండం ఎప్పుడు విడుదలైందో మీకు తెలిసే దారే లేదు. సరిగ్గా ఆ రోజుల్లో కలిస్తే నెలసరి కనపడకుండానే గర్భం నిలుస్తుంది. ‘పాలిస్తున్నా కదా, అందుకే రాలేదనుకున్నా మేడమ్’ అంటూ నాలుగో నెల కడుపుతో వచ్చేవాళ్లు నా ఓపీకి కొత్త కాదు.

అలాగని పాలిస్తే గర్భం రాదన్నది ఉత్త మాటేం కాదు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, నెలసరి మొదలై ఉండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. ఈ మూడూ కలిస్తే వందలో 98 మందికి గర్భం రాదు. ఒక్కటి తప్పినా ఆ రక్షణ నమ్ముకోదగ్గది కాదు. రాత్రి డబ్బా పాలతో మీకు మూడోది తప్పింది. బాబుకు ఆరో నెల కూడా దగ్గర్లోనే ఉంది.

టెస్ట్ నెగెటివ్ వచ్చినా, కలిసి మూడు వారాలు కాకపోతే ఆ ఫలితాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. మూడు వారాలు ఆగి మళ్లీ చేసుకోండి. ఈ లోపు కండోమ్ తప్పనిసరి. పాజిటివ్ వస్తే కంగారు పడొద్దు, కానీ షాపులో అబార్షన్ మాత్రలు కొని ఇంట్లో మింగొద్దు. మీకు సిజేరియన్ అయింది. అరుదుగా గర్భం ఆ కుట్టు మచ్చ మీదే నిలుస్తుంది, అప్పుడు ఆ మాత్రలు ప్రాణం మీదికి తెస్తాయి. ముందు స్కాన్, తర్వాతే ఏదైనా. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు తీయించుకునే హక్కు చట్టం మీకిచ్చింది. అది 1971 నాటి చట్టం. 2021లో సవరించినప్పుడు ‘భర్త’ అనే మాట తీసి ‘భాగస్వామి’ అని పెట్టారు, పెళ్లి కానివాళ్లకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. సంతకం మీది ఒక్కటే చాలు. భర్తదో అత్తగారిదో కావాలని ఏ ఆసుపత్రి అయినా అడిగితే అది వాళ్లు పెట్టుకున్న రూలే తప్ప చట్టంలో లేదు.

ఇక 72 గంటల మాత్ర, అంటే ఎమర్జెన్సీ మాత్ర. మూడుసార్లు వేసుకున్నందుకు బాబుకు గానీ మీకు గానీ హాని జరిగిపోయిందని టెన్షన్ పెట్టుకోవద్దు. ఆ మాత్ర చేసే పని ఒక్కటే, అండం విడుదలను వెనక్కి నెట్టడం. అప్పటికే అండం విడుదలైతే అది దాదాపు పని చేయదు. నిలిచిన గర్భాన్ని తీసేయనూ లేదు. పేరులోనే ఉంది కదా, అత్యవసరానికని. కండోమ్ చిరిగింది, రోజూ వేసుకునే మాత్ర మర్చిపోయారు, అలాంటప్పుడు ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. నెలకు రెండు మూడుసార్లు వాడితే ఖర్చూ ఎక్కువ, నమ్మకమూ తక్కువ, నెలసరి లెక్కంతా గందరగోళం. ఇంకో సంగతి మనవాళ్లకు ఎవరూ చెప్పరు. కలిసిన అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఈ మాత్ర కన్నా బాగా పని చేస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి రక్షణ కూడా ఇస్తుంది.

అత్తయ్యగారి మాట దగ్గరికి వద్దాం. ఆవిడను తప్పుపట్టను. ఆవిడ కాలంలో ఈ జిల్లాలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే, ఇంకో మాట వినపడేది కాదు. ఇప్పటికీ పెద్ద తేడా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహితల్లో ఆపరేషన్ అయినవాళ్లు 70 శాతం దాకా ఉన్నారు, దేశం మొత్తంలో 38 శాతం లోపే. మాత్రలు, కాపర్-టీ, ఇంజెక్షన్, కండోమ్ అన్నీ కలిపినా ఇక్కడ వాడేవాళ్లు పిడికెడు మంది. ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ చేయించుకుని, ముప్ఫై ఏళ్లకు బిడ్డను పోగొట్టుకుని ‘మళ్లీ కలపండి మేడమ్’ అంటూ వచ్చినావిడకు నేను ఏం చెప్పాలి? కలిపే ఆపరేషన్ ఉంది. కత్తిరించాక అండం వచ్చే ట్యూబు ఎంత మిగిలిందో దాన్ని బట్టే ఫలితం. అదీ ఖాయం కాదు.

రెండోది వెంటనే కనడం మీ విషయంలో ఇంకా రిస్కు. కోసి కుట్టిన గర్భసంచి గట్టిపడటానికి టైమ్ కావాలి. కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ల ఎడం ఉండాలంటాం. సిజేరియన్ అయినవాళ్లలో ఆ ఎడం బాగా తగ్గిపోతే నొప్పుల సమయంలో పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ముప్పు పెరుగుతుంది. అత్తయ్యగారికి ఈ ముక్క నా మాటగా వినిపించండి.

ఈ రెండేళ్లకు మీ ముందు ఏమున్నాయంటే, నేనైతే ముందు కాపర్-టీ చూపిస్తాను. నా టేబుల్ సొరుగులో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అడిగినవాళ్ల అరచేతిలో పెడతాను. మెత్తని ప్లాస్టిక్ ‘టి’ అక్షరం, చుట్టూ సన్నని రాగి తీగ, కింద రెండు దారాలు. పొడవు నాలుగు సెంటీమీటర్ల లోపే. ‘ఇంతేనా!’ అంటారు చాలామంది. అప్పటిదాకా వాళ్ల ఊహలో అది గర్భసంచిలోంచి గుండెకు ఎగబాకే వస్తువు. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదమ్మా. 380ఏ రకం పదేళ్లు, 375 రకం అయిదేళ్లు పని చేస్తాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు, తీసిన నెలలోనే గర్భం రావచ్చు. ఏడాదిలో వందమంది వాడితే గర్భం వచ్చేది ఒక్కరికి కూడా ఉండదు. పాలకు ఏ అడ్డూ లేదు. చిక్కల్లా మొదటి మూడు నుంచి ఆరు నెలలు. నెలసరిలో రక్తస్రావం, నొప్పి కాస్త ఎక్కువవుతాయి. అందుకే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది, మీరూ అందులో ఉంటే వేరే పద్ధతి చూద్దాం.

అంతరా విషయంలో మీ పక్కింటావిడ చెప్పినదాంట్లో నిజం ఓ పావు వంతు ఉంది. ఇది మూడు నెలలకోసారి చేసే ఇంజెక్షన్, 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. పాలిచ్చే తల్లులు కాన్పైన ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చు. ఆపేశాక గర్భం వెంటనే నిలవదు, ఆఖరి డోసు నుంచి లెక్కేస్తే సగటున ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఆ ఆలస్యం చూసే ‘ఇక పుట్టరు’ అన్న మాట పుట్టింది. పుడతారు. రెండో గర్భం ఎప్పుడు కావాలో అనుకుని దానికి ఏడాది ముందు ఆపేస్తే సరిపోతుంది. నెలసరి అస్తవ్యస్తమవుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ‘చెడు రక్తం లోపలే ఉండిపోతుంది’ అని భయపడి మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ. లోపల ఏదీ పోగవదు, గర్భసంచి లోపలి పొర తయారు కాకపోతే రాలడానికేమీ ఉండదు. ఇంజెక్షన్ చేసిన చోట మాత్రం రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. మందు తొందరగా కరిగిపోయి మూడు నెలలు నిలవదు.

ఛాయ అని ఇంకో మాత్ర ఉంది. మన దేశంలోనే, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైంది. 1991లో సహేలి పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇందులో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆదివారం మొదలుపెడితే బుధవారం, మళ్లీ ఆదివారం. తర్వాత వారానికి ఒక్కటే. పాలిచ్చేవాళ్లకు మంచిదే. నెలసరి ఆలస్యం కావడం మామూలే. పీసీఓడీ ఉన్నా, ఈమధ్య కామెర్లు వచ్చినా ఇది వద్దు. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకునే అలవాటు ఉంటేనే ఎంచుకోండి. రోజూ వేసుకునే హార్మోన్ మాత్ర మాలా-ఎన్ మాత్రం బాబుకు ఆరు నెలలు నిండేదాకా ముట్టుకోవద్దు, పాలు తగ్గొచ్చు.

కండోమ్ గురించి మీవారికి కూడా ఈ పేజీ చూపించండి. సుఖవ్యాధుల నుంచి కాపాడేది ఇదొక్కటే. సరిగ్గా, ప్రతిసారీ వాడితే మంచి పద్ధతే. మామూలుగా జనం వాడే తీరులో ఏడాదిలో వందకు 13 మందికి గర్భం వస్తుంది. ‘జాగ్రత్తగా ఉంటాం మేడమ్’ అని బయటికి తీసేసే పద్ధతి చెప్పేవాళ్లకు 20 మందికి. షాపులో నలుగురూ పోయేదాకా పక్కన నిలబడి, పేపర్లో చుట్టిన ప్యాకెట్ జేబులో కుక్కుకునే పని లేదు. అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగా ఇస్తారు.

ఈ జాబితాలో మగవాళ్ల భాగం కండోమ్‌తోనే అయిపోయింది, చూశారా? రెండో బిడ్డ తర్వాత ఆపరేషన్ మాట వచ్చినప్పుడు వేసెక్టమీ, అంటే మగవాళ్లకు చేసే ఆపరేషన్ పేరు కూడా ఎత్తండి. కోత లేదు, కుట్టు లేదు, మత్తు అక్కడి వరకే. ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీ కన్నా చిన్న పని. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకుంటే సరి. మగతనానికి, మిర్చి బస్తా ఎత్తే బలానికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. ఆ భయం మగవాళ్లను వదల్లేదు, భారమంతా ఆడవాళ్ల మీద పడింది. పరిశోధన కూడా అలాగే నడుస్తోంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుజయ్ గుహ దశాబ్దాలుగా పని చేసిన రిసగ్ అనే మగవాళ్ల ఇంజెక్షన్‌ను భారత వైద్య పరిశోధన మండలి 303 మంది మీద పరీక్షించి, 99 శాతం పని చేసిందని 2023లో ప్రకటించింది. షాపులో మాత్రం ఇంకా లేదు.

నిన్నటిదాకా ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అని గోడల మీద రాశారు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో మన అసెంబ్లీయే ఎత్తేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. గోడ మీద రాత మారినప్పుడల్లా మీ గర్భసంచి మారనక్కర్లేదు.

తెల్లబట్ట సంగతి. పెరుగు విరిగినట్టు తెల్లగా ఉండి, వాసన లేకుండా దురద ఉంటే ఎక్కువగా ఫంగస్ ఇన్ఫెక్షన్. తేలిగ్గా తగ్గుతుంది. చేపల వాసనో, ఆకుపచ్చ రంగో, పొత్తికడుపు నొప్పో ఉంటే కథ వేరు, కొన్నింటికి మీ ఆయనకూ కలిపి మందులివ్వాలి. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. పక్కింటివాళ్ల మిగిలిపోయిన మాత్రలు, డెటాల్ కడుగుడు వద్దు. ఇదేంటో తేలాకే, అవసరమైతే తగ్గాకే కాపర్-టీ వేయాలి. అందుకే రెండూ ఒకే విజిట్‌లో చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్‌లు ఉన్నది ఈ జబ్బులకే. ఫోన్లో అడగాలనిపిస్తే 104 ఉంది, హెచ్ఐవీ, సుఖవ్యాధుల అనుమానాలకు 1097 ఉంది.

కొత్తపేటలో ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినా, ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ గైనిక్ ఓపీకి వెళ్లినా మీ ఇష్టం. కాపర్-టీ, అంతరా, ఛాయ మూడూ ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. జీజీహెచ్ అయితే పొద్దున్నే వెళ్లండి, లైను పెద్దది. సిజేరియన్ డిశ్చార్జ్ కాగితం, ప్రెగ్నెన్సీ టెస్ట్ ఏ రోజు చేశారో రాసిన చీటీ పట్టుకెళ్లండి. ‘అంతరా కావాలి’ అనో ‘కాపర్-టీ కావాలి’ అనో ముందే అనకుండా, ‘రెండేళ్ల ఎడం కావాలి, పాలిస్తున్నాను, సిజేరియన్ అయింది’ అని ఈ మూడు ముక్కలు చెప్పండి. అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లగలిగితే బాబును ఎత్తుకోవడానికి ఒక మనిషి ఉంటారు, డాక్టర్ చెప్పేది ఆవిడ చెవినా పడుతుంది.