జే1900 మినీ పీసీని ఇంటి ఫైర్‌వాల్‌గా పెట్టొచ్చా? ఏఈఎస్-ఎన్ఐ లేకపోతే వీపీఎన్ నడవదా?

పెట్టొచ్చు. జే1900 అంటే ఇంటెల్ పాత ప్రాసెసర్, ఏఈఎస్-ఎన్ఐ అంటే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ లెక్కలను వేగంగా చేయడానికి కొన్ని ప్రాసెసర్లలో ఉండే ప్రత్యేక సూచనలు. మీరు చెప్పిన 300 ఎంబీపీఎస్ ఫైబర్‌కి, ఆఫీసు నుంచి ఇంటి కెమెరాలు, నాస్ (ఫైళ్లు దాచే నెట్‌వర్క్ స్టోరేజ్) చూసుకోవడానికి ఆ జే1900 సరిపోతుంది. ఏఈఎస్-ఎన్ఐ లేకపోతే ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ అసలు ఇన్‌స్టాలే కాదని మీ ఫ్రెండ్ అన్నది మాత్రం నిజం కాదు. ఆ మాటకు మూలం అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్, పీఎఫ్‌సెన్స్. 2.5 వెర్షన్ నుంచి ఏఈఎస్-ఎన్ఐ ఉన్న ప్రాసెసరే కావాలని వాళ్లు 2017లో ప్రకటించారు, 2019లో వెనక్కి తీసుకున్నారు. 2021లో 2.5 ఆ షరతు లేకుండానే వచ్చింది. భయం మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ముందు ఒక విషయం తేల్చుకోండి: మీ రౌటర్ (అంటే ఈ ఫైర్‌వాల్ బాక్సే) స్వయంగా ఎన్‌క్రిప్షన్ చేయాల్సిన పని ఎంత? ఇంట్లో యూట్యూబ్ చూసినా, బ్యాంకు యాప్ తెరిచినా అదంతా ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్కే. కానీ ఆ లెక్కలు చేసేది మీ ఫోను, అవతలి సర్వరు. రౌటర్ ప్యాకెట్ చిరునామా చూసి, రూల్స్ చూసి దాటిస్తుంది. వీపీఎన్ టన్నెల్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కి వేసే ఎన్‌క్రిప్ట్ అయిన దారి) ఒక కొస రౌటర్‌లోనే ఉన్నప్పుడు మాత్రమే ఏఈఎస్ భారం దాని మీద పడుతుంది. టన్నెల్ లేని ఇంట్లో ఏఈఎస్-ఎన్ఐ ఉన్నా లేకపోయినా ఇంటర్నెట్ స్పీడ్‌లో తేడా తెలియదు.

నేను ఇదే జే1900ను చాలాకాలం నడిపాను, ఇప్పుడు ఎన్100 ప్రాసెసర్ ఉన్న బాక్సు వాడుతున్నాను. జే1900లో మొదట ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌ని ఏఈఎస్-256-జీసీఎం ఎన్‌క్రిప్షన్‌తో పెట్టాను. బయటి నుంచి నాస్‌లోని పెద్ద ఫైలు లాగుతూ, ఇంకో విండోలో టాప్ కమాండ్‌ని కోర్ల వారీగా తెరిచి చూసేవాణ్ణి. ఒక కోర్ నూటికి నూరు శాతం దగ్గర అతుక్కుపోయి ఉండేది, మిగతా మూడూ దాదాపు ఖాళీ. స్పీడ్ వంద ఎంబీపీఎస్ కూడా అందుకోలేదు. కారణం రెండు వైపుల నుంచి వస్తుంది. జే1900లో ఏఈఎస్ సూచనలు లేవు కాబట్టి ఆ లెక్కంతా సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలి. పైగా ఓపెన్‌వీపీఎన్ ఒకే థ్రెడ్‌లో, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) బయట పనిచేస్తుంది. ప్రతి ప్యాకెట్టూ కెర్నెల్ నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలి. అందుకే ఏఈఎస్-ఎన్ఐ ఉన్న ప్రాసెసర్‌లో కూడా ఓపెన్‌వీపీఎన్ అనుకున్నంత పరుగెత్తదు. 2.6 వెర్షన్‌తో వచ్చిన డీసీఓ పద్ధతి (ప్యాకెట్ల పనిని కెర్నెల్ లోపలే చేయడం) ఈ రెండో ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది.

అదే బాక్సులో, అదే లైనులో వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ పెట్టగానే లోడ్ నాలుగు కోర్లకూ పంచుకుంది, స్పీడ్ రెట్టింపు దాటింది. వైర్‌గార్డ్ ఏఈఎస్ వాడదు, చాచా20-పాలీ1305 అనే వేరే సైఫర్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) వాడుతుంది. చాచా20లో ఉన్నవి కూడికలు, బిట్లు తిప్పడాలు, ఎక్స్ఓఆర్‌లే, పాలీ1305లో మామూలు గుణకారాలు, కూడికలు. మామూలు ప్రాసెసర్ ఏ ప్రత్యేక సాయం లేకుండా వాటిని వేగంగా చేస్తుంది. కాబట్టి మీకు నా సలహా సూటిగా ఇదే: వైర్‌గార్డ్ పెట్టుకోండి, ఏఈఎస్-ఎన్ఐ గురించి టెన్షన్ వదిలేయండి. ఆఫీసు రూల్స్ వల్ల ఓపెన్‌వీపీఎన్ తప్పదంటే, అందులోనూ చాచా20-పాలీ1305 సైఫర్ ఎంచుకోవచ్చు, 2.5 నుంచి ఉంది.

ఇంకా కొనలేదన్నారు కాబట్టి ఇది చదవండి. నాకు ప్రాసెసర్ కంటే లాన్ పోర్టుల చిప్ ముఖ్యం. ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, లైనక్స్‌లో బాగా పనిచేసిన చిప్ అక్కడా అంతే బాగా పనిచేస్తుందని నమ్మకం లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో చూస్తున్నారని రాశారు కదా, ఓపీఎన్‌సెన్స్ ఇమేజ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వెళ్లండి. డిస్క్‌ను ముట్టుకోకుండా లైవ్‌గా బూట్ అవుతుంది. రూట్‌గా లాగిన్ అయ్యి షెల్ తెరిచి బూట్ మెసేజ్‌లు చూడండి. పోర్టుల పేర్లు ఐజీబీ అని మొదలైతే ఇంటెల్ ఐ210, ఐ211 లాంటివి, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఐజీసీ అయితే 2.5 గిగాబిట్ ఐ225 లేదా ఐ226. ఐ225 తొలి స్టెప్పింగుల్లో (చిప్ తొలి కూర్పుల్లో) లోపాలున్నాయి కాబట్టి ఐ226 దొరికితే అదే మేలు. ఆర్ఈ అని వస్తే రియల్‌టెక్. వాటికి కంపెనీ సొంత డ్రైవర్‌ని ఓపీఎన్‌సెన్స్ ప్లగిన్‌గా ఇస్తుంది, అది వేసుకుని వాడండి. అదే బూట్ మెసేజ్‌లలో ప్రాసెసర్ ఫీచర్ల వరుస కూడా కనిపిస్తుంది. అందులో ఏఈఎస్ఎన్ఐ అనే మాట ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. షాపువాళ్ల మాట మీద ఆధారపడొద్దు. బే ట్రెయిల్ అనే ఒకే ఇంటెల్ ప్రాసెసర్ తరంలో జే1900కు అది లేదు, ఆటమ్ ఈ3845కు ఉంది.

ధరలో పెద్ద తేడా లేకుండా జే4125 గానీ ఎన్100 గానీ దొరికితే అవి తీసుకోండి, రెండింటిలోనూ ఏఈఎస్-ఎన్ఐ ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4 కూడా ఆలోచిస్తున్నానన్నారు. దాని ప్రాసెసర్‌లో ఏఈఎస్ సూచనలు లేవు, పై 5లో ఉన్నాయి. పైగా దానికి ఒకటే లాన్ పోర్టు, రెండోది యూఎస్‌బీతో తగిలించుకోవాలి. ఫైర్‌వాల్‌కి నేనైతే పెట్టను.

ఏఈఎస్-ఎన్ఐ ఉన్న బాక్సులో పీఎఫ్‌సెన్స్ వేస్తే డ్యాష్‌బోర్డ్‌లో ఏఈఎస్-ఎన్ఐ ఉంది, ఇనాక్టివ్ అని చూపించి చాలామందిని కంగారు పెడుతుంది. ఓపెన్‌వీపీఎన్ వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఆ సూచనలను నేరుగా ప్రాసెసర్ నుంచే తీసుకుంటుంది, దానికి కెర్నెల్ మాడ్యూల్ అక్కర్లేదు. మాడ్యూల్ అవసరం ఐపీసెక్ అనే ఇంకో రకం వీపీఎన్ వాడేవాళ్లకు. ప్రాక్స్‌మాక్స్‌లో (ఒకే పీసీలో పలు వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వర్చువల్ మెషీన్‌గా నడిపితే మాత్రం సీపీయూ టైప్ హోస్ట్ అని పెట్టండి, పాత కేవీఎం64 రకంలో ఆ ఫీచర్ లోపలికి కనిపించదు.

మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ అయితే జే1900కి అసలు పరీక్ష అక్కడే. ఫ్రీబీఎస్‌డీలో సాధారణంగా పీపీపీఓఈ ట్రాఫిక్ కోర్ల మధ్య చీలకుండా ఒకే కోర్ మీద పడుతుంది. టన్యబుల్స్‌లో నెట్ ఐఎస్ఆర్ డిస్పాచ్ విలువను డిఫర్డ్‌గా మారిస్తే కొంత ఊరట. 300 వరకు ఇబ్బంది రాదు, రేపు గిగాబిట్ ప్లాన్‌కి వెళ్తే ఈ బాక్సు అందుకోలేదు.

డబ్బులు పెట్టేముందు ప్రొవైడర్‌కి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ ఇస్తారా అని అడగండి. ఇప్పుడున్న రౌటర్ వ్యాన్ అడ్రస్ (ప్రొవైడర్ వైపు ఐపీ) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (చాలామంది కస్టమర్లు ఒకే పబ్లిక్ ఐపీని పంచుకునే ఏర్పాటు) వెనక ఉన్నారు, బయటి నుంచి ఐపీవీ4లో వైర్‌గార్డ్ ఇంటికి చేరదు. అప్పుడు స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా రెండు వైపులా ఐపీవీ6 ఉంటే దాని మీద పెట్టుకోవాలి. అడ్రస్ ఏమని చూపిస్తోందో చుక్కలతో విడదీసిన వాటిలో మొదటి రెండు సంఖ్యలు మాత్రం ఇక్కడ రాయండి, దాన్నిబట్టి సెట్టింగ్స్ చెబుతాను.