మారిషస్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి సందీప్‌కు మావయ్య ఆశీస్సులు.

మారిషస్‌లోని ఎబెన్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు నన్ను బీచ్‌ల గురించీ, జీతం సరిపోతుందా అనీ అడిగావు. 1995 నుంచి పదకొండేళ్లు అక్కడ బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు చూశాను కాబట్టి, నువ్వు అడగనివి కొన్ని చెప్తాను.

ముందు ఇల్లు. దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఇంత చిన్న చోట ఎక్కడున్నా ఒకటేలే అనుకుంటావు. నేనూ అలాగే అనుకుని, అద్దె తక్కువని క్యూర్‌పిప్‌లో దిగాను. అగ్నిపర్వతం లేపిన నేల అది. మధ్యలో పీఠభూమి, చుట్టూ తీరం. క్యూర్‌పిప్ సుమారు 550 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆగ్నేయం నుంచి వచ్చే గాలులు వాన మొత్తం అక్కడే కురిపిస్తాయి. ఉతికిన బట్టలు మూడు రోజులకీ ఆరేవి కావు. బీరువాలో పెట్టిన తోలు బూట్లకు తెల్లగా బూజు పట్టింది. అదే సమయంలో తీరాన ఉన్న రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఎండ మాడ్చేస్తుండేది. నువ్వు రోజ్ హిల్‌లోనో, కాత్ర్ బోర్న్‌లోనో చూసుకో. ఇప్పుడు మెట్రో కూడా ఉంది. జులై, ఆగస్టు అక్కడ చలికాలం. స్వెటర్ పెట్టుకో.

తుపాన్లు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు వరకు ఉంటాయి. మూడు ప్రకటించారంటే ఆఫీసులు మూసేస్తారు, నాలుగులో గడప దాటకూడదు. 2002 జనవరిలో డీనా వచ్చినప్పుడు నేను బకెట్లు నింపుకోలేదు. గాలి తగ్గాక చూస్తే కరెంటూ లేదు, నీళ్లూ లేవు. పక్కింటివాళ్లు రెండు బిందెలు ఇచ్చారు. ఒకటో నంబరు వినగానే నీళ్లు పట్టి పెట్టుకో. ఊళ్లలో అన్నీ శ్లాబు ఇళ్లే కనబడతాయి, ఎందుకో తెలుసా? 1960లో కారోల్ తుపాను రేకుల ఇళ్లనూ చెక్క ఇళ్లనూ ఊడ్చిపెట్టేసింది.

ఇక అసలు విషయం. తోటల మధ్య నుంచి బస్సు వెళ్తుంటే చెరకు నడుమ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. ఒకసారి దిగి దగ్గరికి వెళ్లి ఒక రాయి ఎత్తి చూడు. బరువు తెలుస్తుంది. చెరకు నాటడానికి ఆ రాళ్లన్నీ చేతులతో ఏరి పోగేశారు. ముందు బానిసలు, 1834 నుంచి మన దేశపు ఒప్పంద కూలీలు. దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. కోరింగ రేవు నుంచి ఓడెక్కిన మనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ పోర్ట్ లూయిస్‌లోనే ఉంది. మొదటి వారమే వెళ్లు.

చాలాకాలం ఆ దేశం చెరకు మీదే బతికింది. స్వాతంత్ర్యానికి ముందు, 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, జనం పెరిగిపోతున్నారు, పంట ఒక్కటే, ఈ దేశానికి భవిష్యత్తు కష్టం అన్నట్టు రాశాడు. వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1970లో ఎగుమతి ఫ్యాక్టరీలకు చట్టం తెచ్చారు. 1975 నుంచి వాళ్ల చక్కెరను యూరప్ ఒప్పందం ప్రకారం ఖాయంగా మంచి ధరకు కొన్నది. ఆ డబ్బూ ఈ ఫ్యాక్టరీలూ కలిసి దేశాన్ని నిలబెట్టాయి. కానీ ఏ దేశం ఎంత బట్ట ఎగుమతి చేయొచ్చో నిర్ణయించే కోటాలు 2005 జనవరితో పోయాయి, చక్కెర ఒప్పందం 2009లో ముగిసింది. మా ఫ్యాక్టరీలో రెండు లైన్లు మూసేసిన రోజు నాకు ఇంకా గుర్తే. ఇరవై ఏళ్లుగా మిషన్ మీద కూర్చున్న ఆడవాళ్లు కత్తెరలు సంచిలో వేసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయారు. అందుకే చెప్తున్నాను, అక్కడి ఉద్యోగాలు చాలావరకు ఎక్కడో దూరాన రాసుకున్న ఒప్పందాల మీద ఆధారపడి ఉంటాయి. నువ్వు చేరేది ఫైనాన్స్ కంపెనీ. 1982లో మన దేశంతో కుదిరిన పన్ను ఒప్పందం, 2016లో దానికి చేసిన సవరణ, ఈ రెండూ చదువుకుని వెళ్లు. నీ పర్మిట్ నీ ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది కాబట్టి ఆరు నెలల ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉంచుకో.

సముద్రం జోలికి వెళ్లినప్పుడు జాగ్రత్త. పగడపు దిబ్బ మీద కాలు పెట్టకు. తీరానికి అలల దెబ్బ తగలకుండా ఆపేది ఆ దిబ్బే, చేపలకూ టూరిజానికీ ఆధారం కూడా అదే. 2020లో వకాషియో ఓడ దిబ్బనెక్కి నూనె కారినప్పుడు, జనం చెరకాకులు గుడ్డల్లో కుట్టి ఆ నూనెకు అడ్డుకట్టలు కట్టారు. అక్కడి స్నేహితుడు ఫోన్లో ఏడ్చాడు.

రాజకీయం గురించి రెండు మాటలు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం, 1992లో అదే తేదీన రిపబ్లిక్. అధికారం ప్రధానిది, అధ్యక్షుడు గౌరవ పదవి. ఎన్నికయ్యే సీట్లు 62. 2024లో ఒకే కూటమి 60 గెలిచింది. ఓడినవాళ్లలోంచి కూడా ఎనిమిది మంది దాకా తీసుకుంటారు, ఏ వర్గానికీ చోటు లేకుండా పోకూడదని. ఇది వాళ్లకు చాలా సున్నితమైన వ్యవహారం. 1998లో కొత్త నోట్ల మీద తమిళ అక్షరాలు కిందికి దింపారని గొడవై, ఆ నోట్లే వెనక్కి తీసుకున్నారు. ఎవరినీ ‘మీది ఏ వర్గం’ అని అడగకు. ఓటు కబుర్లలో తలదూర్చకు.

పార్లమెంటు ఇంగ్లిష్‌లో, పేపర్లు ఫ్రెంచిలో, వీధి మాత్రం క్రియోల్‌లో నడుస్తుంది. ‘కి మాన్యేర్’ అంటే ఎలా ఉన్నావు అని. అది నేర్చుకుని వెళ్లు.

మన తెలుగువాళ్లు కలుస్తారు. ఉగాది అక్కడ సర్కారు సెలవు. వాళ్లు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. నేను ఓ పెద్దావిడను ‘మీకు తెలుగు రాదా’ అని అడిగేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆ శనివారమే వాళ్లింట్లో రామభజన. దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా తెలుగు పాటలు పాడింది, ఒక్క మాట తడబడలేదు. సింహాద్రి అప్పన్న పేరు వచ్చినప్పుడల్లా చేతులు జోడించేది. నేను చిన్నప్పుడు సింహాచలం మెట్ల మీద విన్న పాటలే అవి.

ఆవిడ ఇప్పుడు లేదు. కూతురి ఫోన్ నంబరు మీ అమ్మకు ఇచ్చాను. సింహాచలం వెళ్లి నాలుగు కుంకుమ పొట్లాలు తీసుకుని, దిగిన వారంలోపే ఆమెకు ఇచ్చి రా.

మీ మావయ్య