ఫ్లోరెన్స్ నుంచి ఒక్కరోజులో కోట, వైన్ తోట రెండూ చూసి రావాలంటే ఎటు వెళ్లాలి?

నన్నడిగితే బ్రోలియో కోటకి వెళ్లండి. కియాంతి వైన్‌కి పేరిచ్చిన కియాంతి కొండల్లో, సియెనా ఊరికి దగ్గరగా ఉంటుంది. 1141 నుంచి రికాసోలి వంశానిదే. ఆ ఇంటివాడే బెత్తీనో రికాసోలి. 1861లో ఇటలీ తొలి ప్రధాని కవూర్ చనిపోయాక రెండో ప్రధాని అయ్యాడు. రాజకీయాల సంగతి అలా ఉంచితే, కియాంతి వైన్‌లో ఏ ద్రాక్ష ఎందుకు కలపాలో 1872లో ఒక ఉత్తరంలో రాసిపెట్టింది ఈయనే. పరిమళానికీ పట్టుకీ సాంజొవేసె అనే నల్ల ద్రాక్ష, దాని కరుకుదనం తగ్గించడానికి కనయోలో అనే ఇంకో నల్ల ద్రాక్ష. తెల్ల ద్రాక్ష మాల్వాసియా మాత్రం నిల్వ పెట్టకుండా తాగేసే వైన్‌కే. ఇప్పటి రూల్ ప్రకారం కియాంతి క్లాసికోలో (అంటే పాత కియాంతి ప్రాంతంలో తయారయ్యే వైన్‌లో) కనీసం 80 శాతం సాంజొవేసె ఉండాలి, తెల్ల ద్రాక్ష అసలు కుదరదు.

కోటలో పాత రాతి గోడల పక్కనే 19వ శతాబ్దపు ఎర్ర ఇటుక భవనం కాస్త కొత్త పెళ్లికొడుకులా కనిపిస్తుంది. బురుజు మీంచి చూస్తే కింద ద్రాక్ష వరసలు, దూరంగా సియెనా.

సీసా కొంటే మెడ దగ్గర నల్ల కోడిపుంజు గుర్తు చూసుకోండి. అది కియాంతి క్లాసికోకే ఉంటుంది. ఉత్త 'కియాంతి' అని రాసి ఉన్నది వేరే సరుకు.

బస్సులతో టెన్షన్, కారే నయం. కాకపోతే రుచి చూసినవాళ్లు స్టీరింగ్ పట్టుకోవద్దు: లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. నోట్లో తిప్పి బకెట్‌లో ఉమ్మేయడం అక్కడ తప్పేమీ కాదు, మొహమాటపడకండి. తిరుగు ప్రయాణంలో కారుని ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి తీసుకెళ్లకండి. అనుమతి లేని కార్లని పట్టే కెమెరాలుంటాయి, జరిమానా ఇంటికొస్తుంది.