స్విచ్చు మారలేదు, బాధ్యత ఎవరిది?

ప్రశ్న: తాడేపల్లిగూడెంలో మా ఇంటి మీద 2025 జూన్‌లో మూడు కిలోవాట్ల సోలార్, లిథియం బ్యాటరీ, ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్చు పెట్టించుకున్నాం. మొత్తం 3,85,000 రూపాయలు అయింది. ఆగస్టు నుంచి కరెంటు పోయినప్పుడు ఒక్కోసారి స్విచ్చు బ్యాటరీ వైపు మారడం లేదు. మా అమ్మగారికి రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెడతాం. అమర్చినవారు మీ ఊళ్లో ఓల్టేజీ బాగాలేదంటున్నారు. స్విచ్చు కంపెనీ వైరింగు తప్పంటోంది. బ్యాటరీ కరెంటు లైనులోకి వస్తే కేసవుతుందని లైన్‌మన్ హెచ్చరించారు. తెలిసిన ఎలక్ట్రీషియన్ పెట్టె విప్పి బాగుచేస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా? వివాదాలన్నీ అహ్మదాబాదులోనే తేల్చుకోవాలని వారంటీ కాగితంలో ఉంది.

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూడండి. కేసు ఎంత బలంగా ఉన్నా ఈ రాత్రికి అది ఊపిరి అందించదు. కాన్సంట్రేటర్‌కు సరిపోయే యూపీఎస్ విడిగా కొనండి. డాక్టరు గారిని అడిగి ఒక ఆక్సిజన్ సిలిండరు కూడా ఇంట్లో ఉంచండి. ఆ బిల్లులు దాచండి, నష్టపరిహారంలో అడుగుదాం.

ఇక పెట్టె విప్పనివ్వకండి. మీ ఎలక్ట్రీషియన్ పనితనం మీద అనుమానంతో అనడం లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం ఆ స్విచ్చే. ఒక్క స్క్రూ కదిలినా, అమర్చినవారూ కంపెనీవారూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం మానేసి ఇద్దరూ కలిసి మీ మీద చెబుతారు. ఇలాంటి కేసులు చాలావరకు ఇక్కడే బలహీనపడతాయి.

విప్పకుండానే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి అమర్చినవారి టెక్నీషియన్‌ను పిలిపించండి. లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ఒకరిని మీ తరఫున ఉంచుకోండి. కరెంటు పోయినట్టుగా మెయిన్ ఎంసీబీ ఆపించి, స్విచ్చుకు రెండు వైపులా ఓల్టేజీ కొలిపించండి. బ్యాటరీలో ఛార్జి ఉండి, ఇన్వర్టరు వైపు 230 వోల్టులు చూపిస్తున్నా స్విచ్చు కదలకపోతే, లోపం స్విచ్చులోనో దాని కంట్రోల్ వైర్లలోనో ఉన్నట్టు. ఇన్వర్టరు వైపే సున్నా చూపిస్తే స్విచ్చుది తప్పు కాదు, ఇన్వర్టరునో బ్యాటరీనో చూడాలి. మూడో సంగతిని చాలామంది పట్టించుకోరు. పల్లెల్లో కరెంటు పూర్తిగా పోకుండా 160, 170 వోల్టులకు పడిపోతుంది. అప్పుడు స్విచ్చు, గ్రిడ్ (బయటి నుంచి వచ్చే కరెంటు) ఇంకా ఉందనుకుని కదలదు. ఎంత ఓల్టేజీకి మారాలో ఆ సెట్టింగు సరిచేయవలసింది అమర్చినవారే. ‘మీ ఊరి ఓల్టేజీ’ అని వారు తప్పించుకోలేరు, ఆ ఊరి ఓల్టేజీ తెలిసే అమ్మారు కదా. ‘ఒక్కోసారి’ అని మీరు రాశారు గనుక ఒక్క పరీక్ష చాలదు, పదిసార్లయినా చేయించండి. మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి. మీటరు అంకెలూ టైమూ కనిపించాలి. ఇన్వర్టరు యాప్‌లో నమోదైన వివరాల పట్టీ (లాగ్) కూడా దించుకోండి. ఈ డిజిటల్ సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయడం మంచిది.

లైన్‌మన్ మాటను బెదిరింపుగా తీసుకోకండి, ఆయన తన ప్రాణం గురించి మాట్లాడుతున్నారు. స్విచ్చు లోపల కరెంటును కలిపే లోహపు ముక్క (కాంటాక్టు) గ్రిడ్ వైపే కరిగి అతుక్కుపోయి ఉండవచ్చు. రెండు వైపులూ ఒకేసారి కలవకుండా ఆపే ఇంటర్‌లాక్ కూడా పనిచేయకపోతే, మీ ఇంటి 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి అవతలి వైపు 11,000 వోల్టుల దాకా కావచ్చు. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన మనిషి గతి ఊహించండి. లోపం తెలిసి కూడా ఊరుకుంటే, ప్రాణం పోయిన రోజున భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 మీ దాకా రావచ్చు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు. అందుకే పై పరీక్షలో సర్వీసు లైను వైపు కరెంటు వెనక్కి వస్తోందేమో కూడా చూడమనండి. వస్తుంటే ఇన్వర్టరు అక్కడికక్కడే ఆపి, కరెంటాఫీసుకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇప్పుడు కేసు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువులో లోపం, సేవలో లోపం రెండూ ఫిర్యాదుకు కారణాలే. అమర్చినవారినీ స్విచ్చు కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరి వాటా ఎంతో వినియోగదారుల కమిషన్ తేలుస్తుంది. వస్తువును అమర్చేవారు కూడా ఈ చట్టంలో ‘ఉత్పత్తి విక్రేత’ నిర్వచనంలోకి వస్తారు, కాబట్టి ‘మేం బిగించాం, తయారుచేయలేదు’ అన్న ఒక్క మాటతో వారు బయటపడలేరు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. స్విచ్చు వల్ల మీ ఫ్రిజ్ కాలినా, మనిషికి హాని జరిగినా అది ఈ చట్టంలోని ‘ఉత్పత్తి బాధ్యత’ అధ్యాయం కింద అడగవచ్చు. స్విచ్చే చెడితే ఆ అధ్యాయం వర్తించదు, మార్చి ఇవ్వమనో డబ్బు తిరిగి ఇవ్వమనో మామూలు లోపం కింద అడగాలి.

అహ్మదాబాదు షరతు చూసి భయపడవద్దు. ఇదే చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 50 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్లు జిల్లా కమిషన్ పరిధిలోనివే. చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటలేదు గనుక ఫీజు కూడా లేదు. స్విచ్చుకు విడిగా బిల్లు ఇవ్వకపోయి ఉంటే బ్యాంకు బదిలీ వివరాలు, వాట్సాప్ సందేశాలు జతచేయండి. కమిషన్ స్విచ్చును ల్యాబుకు పంపగలదు గాని, మీ ఇంట్లో అప్పుడప్పుడూ కనిపించే లోపం ల్యాబు బల్ల మీద కనిపించకపోవచ్చు. నిపుణుడు ఇంటికే వచ్చి పరిశీలించేలా దరఖాస్తు పెట్టండి.

పీఎం సూర్య ఘర్ సబ్సిడీ తీసుకుని ఉంటే అమర్చినవారు ఐదేళ్లు ఉచితంగా నిర్వహణ చూడాలి. బ్యాటరీకి సబ్సిడీ లేదు, కాబట్టి బ్యాటరీ, స్విచ్చు ఆ ఒప్పందంలో ఉన్నాయో లేదో చదవండి. లేకపోయినా కంపెనీ వారంటీ మిగిలే ఉంటుంది.

కొలతల్లో ఓల్టేజీ నిజంగానే తక్కువ ఉంటే అది వేరే తగవు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, స్పందన లేకపోతే విద్యుత్ చట్టం సెక్షన్ 42(5) కింద ఉన్న వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. రెండు ఫిర్యాదులనూ ఒకే కాగితంలో కలపకండి.

గడువు రెండేళ్లు. లోపం మొదట బయటపడిన 2025 ఆగస్టు నుంచే లెక్కవేసుకోండి. మధ్యలో ఎన్ని ఉత్తరాలు రాసినా, వారెన్నిసార్లు ‘వచ్చే వారం వస్తాం’ అన్నా ఆ గడువు పెరగదు.