చోటు గురించి రాసే ముందు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. మొదటిసారి పాఠకుడిలా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. మన పత్రికల్లో సినిమా అంటే కథ, నటన, పాటలు. బొమ్మ వెనకున్న గోడ గురించి, ఆ గోడ అవతలి ఆకాశం గురించి తెలుగులో రాసేవాళ్లు చాలా అరుదు. నువ్వు యానిమేషన్ సినిమాల నేపథ్యాల మీద రాయాలనుకోవడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట సంగతి. ఇంగ్లీషు ‘స్పేస్’కు వ్యాసమంతా ‘అంతరాళం’ అని వాడావు. ఆ మాట చూడగానే మనసు గ్రహాల మీదికీ రాకెట్ల మీదికీ పోతుంది. మనకు చోటు ఉంది, ఎడం ఉంది, దూరం ఉంది, లోతు ఉంది. నాలుగూ ఒకటి కావు. మనిషి నిలబడడానికి కావలసింది చోటు. రెండు కొమ్మల మధ్య ఉండేది ఎడం. ఈ నాలుగు మాటలను నాలుగు పనులకు వేరువేరుగా పెట్టుకుని మళ్లీ రాసి చూడు, వ్యాసంలో సగం మసక దానంతట అదే విడిపోతుంది.

ఇక మల్టీప్లేన్ కెమెరా. ‘దాని రాకతో యానిమేషన్‌కు మూడో పరిమాణం లభించింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. చదివినవాళ్ల కళ్ల ముందు ఏమీ కదలదు. నువ్వు రాత్రిపూట బస్సులో కిటికీ పక్కన కూర్చునే ఉంటావు. రోడ్డు పక్క తుమ్మచెట్లు రివ్వున వెనక్కి పోతాయి. పొలం అవతలి తాటిచెట్లు నింపాదిగా కదులుతాయి. చందమామ మాత్రం మనతోపాటే వస్తాడు. కదిలే కంటికి దూరాన్ని తెలిపేది ఈ తేడా. ఇప్పుడు పొలం, ఇల్లు, చందమామ మూడింటినీ ఒకే కాగితం మీద గీసి కెమెరాను దగ్గరికి జరిపితే ఏమవుతుంది? ఇంటితోపాటు చందమామ కూడా ఉబ్బుతాడు. డిస్నీ స్టూడియోలో విలియం గారిటీ బృందం తయారుచేసిన యంత్రం తీర్చింది ఈ చిక్కునే. మనిషికంటే ఎత్తైన చట్రంలో, ఒకదాని కింద ఒకటి, ఎడం ఎడంగా అమర్చిన అద్దాలు. పై అద్దం మీద దగ్గరి కొమ్మలు, మధ్యలో ఇల్లు, అట్టడుగున ఆకాశం. కెమెరా పైనుంచి నిటారుగా కిందికి చూస్తుంది. ఫ్రేము ఫ్రేముకూ ఒక్కో అద్దాన్ని ఒక్కో కొలతలో జరుపుతారు; చందమామ ఉన్న అద్దాన్ని మాత్రం ఉన్నచోటనే ఉంచుతారు. 1937లో ‘ది ఓల్డ్ మిల్’ అనే చిన్న చిత్రంలో దీన్ని పరీక్షించి, అదే ఏడాది ‘స్నో వైట్’లో వాడారు. నీ వ్యాసంలోకి ఆ చందమామను తీసుకురా. తర్వాత పరిమాణాల గురించి చెప్పినా పాఠకుడు నీ వెంటే ఉంటాడు.

అద్దాల అంతస్తులు అప్పుడే పుట్టాయనుకోవడం కూడా పొరపాటు. జర్మనీలో లోటె రైనిగర్ 1926 నాటి ‘ప్రిన్స్ అహ్మద్’ చిత్రానికే, నల్ల అట్టను కత్తెరతో కత్తిరించిన బొమ్మలను అద్దాల మీద పరిచి, కిందినుంచి వెలుతురు వేసి చిత్రీకరించింది. నీది ధర్మవరం వైపు కదా, నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడకుండా పెరిగి ఉండవు. బొమ్మను తెరకు ఆనించినప్పుడు చెవి పోగుల చిల్లులు కూడా లెక్కపెట్టవచ్చు. అదే బొమ్మను దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది, అంచులు చెదిరిపోతాయి. తెరకూ బొమ్మకూ మధ్య జానెడు ఎడం చేసే పని అది. రైనిగర్ గురించి రాసేటప్పుడు ఈ అనుభవాన్ని వాడుకో. అయితే ‘మనవాళ్లే ముందు కనిపెట్టారు’ అనే ధోరణిలోకి మాత్రం పోవద్దు. వెలుతురూ నీడా ఎవరి సొత్తూ కావు.

నాకు నీతో అసలు పేచీ వేరే చోట ఉంది. నీ వ్యాసం నిచ్చెనలా ఉంది. మొదట చదునుగా ఉండేది, తర్వాత లోతు వచ్చింది, కంప్యూటర్ వచ్చాక నిజంలా మారింది అంటూ మెట్టు మెట్టుగా పైకి ఎక్కించావు. అట్టడుగు మెట్టు మీద 1914 నాటి డైనోసార్ బొమ్మల చిత్రం ‘గెర్టీ’ని కూర్చోబెట్టి, దాని నేపథ్యం ‘పేలవంగా ఉంది’ అన్నావు. దాన్ని మళ్లీ చూడు. విన్సర్ మకే డైనోసార్‌ను గీస్తే, ఆ చెరువునూ ఆ రాళ్లనూ జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే యువకుడు ప్రతి కాగితం మీదా మళ్లీ మళ్లీ గీశాడు. వేల కాగితాలు! అందుకే ఆ రాళ్లు సన్నగా వణుకుతుంటాయి. జంతువూ నేలా ఒకే కాగితం మీద ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. అదే ఏడాది ఎర్ల్ హర్డ్ పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. నేపథ్యాన్ని ఒక్కసారి గీసి, కదిలే బొమ్మను దానిమీద పరిచే వీలు కలిగింది. శ్రమ తగ్గింది, రాళ్ల వణుకు ఆగింది. కానీ పాత్ర ఒక చేతిలోకి, దాని చోటు ఇంకో చేతిలోకి పోయాయి. తర్వాత వచ్చిన ఎన్నో ఉపాయాలను విడిపోయిన ఆ రెండింటినీ మళ్లీ కలిపే ప్రయత్నాలుగా చూడవచ్చునని నాకు అనిపిస్తుంది. ఇలా చూస్తే నీకు నిచ్చెన అవసరం ఉండదు.

ఆ నిచ్చెనను విరగ్గొట్టే సినిమాలు నీ జాబితాలోనే ఉన్నాయి. ‘బాంబీ’ (1942) అడవికి చిత్రకారుడు టైరస్ వాంగ్ చైనాలోని సాంగ్ రాజవంశ కాలపు ప్రకృతి చిత్రాల దారి పట్టాడు. ఆకు ఆకూ గీయడం మానేసి పొగమంచులా రంగు పులిమాడు. ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’ (1950)లోనైతే లోతును కావాలనే వదిలేశారు. మాటలకు బదులు శబ్దాలు మాత్రమే పలికే పిల్లవాడి కథ అది. గదులకు గోడలు ఉండవు. నాలుగు గీతలు, ఒక రంగు. పిల్లవాడి మనసు మారితే ఆ రంగు మారుతుంది. ఎక్కడా చోటు దొరకని పిల్లవాడికి గోడల్లేని ఇల్లు! దాన్ని ‘ఖర్చు తగ్గించుకునే శైలి’ అని కొట్టిపారేశావు. ఆ పేరా పూర్తిగా తీసెయ్యి.

నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టిన ‘పొగమంచులో ముళ్లపంది’ (1975) మీద రెండు పేజీలు రాయాలి. యూరీ నోర్స్‌టీన్ మాస్కోలో తీసిన పది నిమిషాల చిత్రం. ముళ్లపంది రోజూ సాయంత్రం స్నేహితుడైన ఎలుగుబంటి దగ్గరికి నక్షత్రాలు లెక్కపెట్టడానికి వెళ్తుంది. దారిలో మంచులో తెల్ల గుర్రం కనిపిస్తే కిందికి దిగి తప్పిపోతుంది. ఆ మంచును ఎలా చేశారో తెలుసా? పల్చటి కాగితాన్ని బొమ్మ మీద పరిచి, ఫ్రేము ఫ్రేముకూ కొద్దికొద్దిగా కెమెరా వైపు పైకి లేపారు. కాగితం లేచేకొద్దీ కింది బొమ్మ తెల్లబడుతూ, మసకబారుతూ మాయమవుతుంది. తన కాలు తనకే కనిపించదు ముళ్లపందికి. మిగతావాళ్లు కొండలనూ కోటలనూ చూపించి దూరం కల్పిస్తే, నోర్స్‌టీన్ జానెడు దూరాన్ని అంతులేనిదిగా చేశాడు.

కంప్యూటర్ల భాగాన్ని సగానికి కుదించు. 1991లో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ నాట్యశాలను కంప్యూటర్‌లో కట్టి, చేత్తో గీసిన జంటను అందులో తిప్పారు. 1995 ‘టాయ్ స్టోరీ’తో పాత్రలూ గదీ ఒకే చోట పుట్టాయి. ఈ రెండూ చాలు. అయితే 2018 స్పైడర్‌మ్యాన్ చిత్రం ‘ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’ దగ్గర కాస్త ఆగు. దూరపు వస్తువులను మసకబార్చడం కంప్యూటర్‌కు చిటికెలో పని. అయినా వాళ్లు మసకకు బదులు, అచ్చులో రంగులు పక్కకు జరిగినట్టు చూపించారు. పాత వారపత్రికల ముఖచిత్రాల మీద పెదవుల ఎరుపు పెదవులు దాటి పక్కకు జరిగి ఉండేది, గుర్తుందా? అలా. ఆ సినిమాలో దూరం కూడా కామిక్ పుస్తకం భాషే మాట్లాడుతుంది.

ఇక చేయవలసిన పని చెబుతాను. ఏ పుస్తకమూ తెరవకు. ఒక ట్రేసింగ్ పేపరు కొనుక్కుని, మీ ఇంట్లోని ఏదైనా పాత ఫొటో మీద పరుచు. దీపం కింద పెట్టి, కాగితాన్ని వెంట్రుకవాసి చొప్పున పైకి లేపుతూ చూడు. ముందు ఏది పోతుందో, కళ్లా, జుట్టా, చీర అంచా; ఏ ఎత్తు దగ్గర ఆ మనిషి ఎవరో పోల్చుకోలేకపోయావో ఒక కాగితం మీద రాసుకో. వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో.