ఈగో ఉండటం, పోవడం అంటే అసలు ఏమిటి?

వేర్వేరు అర్థాలు కలిసిపోవడం వల్లే ఈ తికమక. ‘వాడికి ఈగో ఎక్కువ’ అంటే పొగరని. 1923లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ వివరించిన ఈగో వేరు: కోరికకీ, లోపలి మందలింపుకీ, బయటి పరిస్థితికీ మధ్య సర్దుబాటు చేసే మనసులోని భాగం. (జర్మన్‌లో ఆయన వాడింది ‘నేను’ అనే మామూలు మాటే, లాటిన్ పదం ఇంగ్లీషు అనువాదంతో వచ్చింది.) అది పోతే జ్ఞానం రాదు, రోజు గడవడమే కష్టమవుతుంది.

వేదాంతం చెప్పే అహంకారం మనసు, బుద్ధి, చిత్తాలతో పాటు అంతఃకరణంలో, అంటే ఆలోచించే, తెలుసుకునే లోపలి సాధనంలో, ఒక భాగం. జరిగిన ప్రతిదాని మీదా ‘నేను చేశాను, ఇది నాది’ అని ముద్ర వేయడం దాని పని. పోవాల్సింది ఆ ముద్రే. పేరు పెట్టి పిలిస్తే పలకడం, ఆకలి తెలియడం ఎక్కడికీ పోవు. తప్పు ఎత్తిచూపగానే, విషయం వినకముందే సంజాయిషీ నోటిదాకా వచ్చిందంటే ముద్ర పడినట్టే. ‘నాకు ఈగో లేదు’ అని చాటుకోవడం కూడా అదే ముద్ర, కాస్త తెలివిగా వేసింది.