పేపర్లో వచ్చిన వార్తను కథగా రాస్తే కేసు పడుతుందా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. టీచరుగా చేసి రిటైరయ్యాను. చాలా ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. పొద్దున్నే ఒక తమిళ పేపరు, ఒక తెలుగు పేపరు చదివి, కథకు పనికొస్తుందనిపించిన వార్తను కత్తిరించి దాచుకోవడం అలవాటు. ఈమధ్య చెత్తలో దొరికిన పన్నెండు కాసుల నగల సంచిని ఒక పారిశుద్ధ్య కార్మికురాలు తిరిగి ఇచ్చేసిందన్న వార్త మీద కథ రాశాను. నా కథలో ఆ సంచిని అత్తగారి మీద కోపంతో కోడలే కావాలని పారేస్తుంది. కార్మికురాలు అన్నీ తిరిగిచ్చి, ఒక్క ముక్కుపుడక మాత్రం కూతురి కోసం దాచుకుంటుంది. పేర్లు మార్చాను. వీధి, అపార్ట్‌మెంటు మాత్రం అలాగే ఉంచాను, లేకపోతే మద్రాసు వాసన రాదని. కథ మొదట్లో తమిళ వార్తలోని రెండు పేరాలు తెలుగు చేసి పెట్టాను. వచ్చే నెల పత్రికకు పంపాలి. మా స్నేహితురాలు చదివి, "ఆ నగలవాళ్ళు డబ్బున్నవాళ్ళు, కేసు పెడితే ఏం చేస్తావు?" అంది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఒక స్కూలు పిల్ల మీద జరిగిన అఘాయిత్యం వార్త కూడా దాచి పెట్టుకున్నాను. అది కథగా రాయవచ్చా?
(పేరు వద్దన్నారు)

జవాబు: టీచరుగారూ, కథ రాసినందుకు పోలీసు జీపు మీ వీధిలోకి రాదు. పరువునష్టం పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదు. పరువు పోయిందనుకున్న మనిషే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం, ఆ ఫిర్యాదును తీసుకునే ముందు మేజిస్ట్రేటు మీ మాట కూడా వినాలి. సాధారణంగా దానికన్నా ముందు లాయరు నోటీసు వస్తుంది. పైగా మీ కథ ఇంకా అచ్చు కాలేదు. స్నేహితురాలికి చదవడానికివ్వడం కూడా చట్టం లెక్కలో ప్రచురణే అనుకోండి, అయినా ఆవిడ వెళ్ళి ఆ ఇంటివాళ్ళకు చెబితే తప్ప దానివల్ల ఇబ్బంది లేదు.

వార్త ఎవరి సొత్తు అన్నది తేలిగ్గా తేలిపోయే విషయం. జరిగిన సంఘటన ఎవరిదీ కాదు. చెత్తలో నగలు దొరకడం, వాటిని తిరిగివ్వడం మీద ఏ పత్రికకూ కాపీరైటు లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగానే చెప్పింది: ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవాలకు కాపీరైటు ఉండదు, వాటిని చెప్పిన తీరుకే ఉంటుంది. మరి మీరు ఆ తీరునే కదా తెచ్చిపెట్టుకున్నారు! విలేకరి రాసిన రెండు పేరాలు తెలుగు చేసి వాడారు. అనువాదం చేసే హక్కు కూడా కాపీరైటులో భాగమే. భాష మారింది కాబట్టి మనదైపోయిందనుకోవడం మద్రాసులో రెండు భాషల మధ్య బతికే మన రచయితలు తరచుగా చేసే పొరపాటు. ఆ రెండు పేరాలు తీసేయండి. నిజం చెప్పాలంటే అవి లేకపోతేనే కథ ఎత్తుగడ బాగుంటుంది.

అసలు చిక్కు వార్తలోంచి మీరు తీసుకున్న దాంట్లో లేదు, దానికి మీరు కలిపిన దాంట్లో ఉంది. విలేకరి మీద పరువునష్టం కేసు వేస్తే అతను "నేను రాసింది నిజం, జనం మేలుకోరి రాశాను" అని నిలబడగలడు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో (పరువునష్టం) మొదటి మినహాయింపే అది. కథకులకు ఆ దారి లేదు. కోడలు కావాలనే నగలు పారేసిందని మీరు ఊహించారు, ఊహను కోర్టులో నిజమని రుజువు చేయలేరు కదా. "ఇది కథండీ" అన్నంత మాత్రాన సరిపోదు. చదివినవాళ్ళు ఇది ఫలానావాళ్ళ గురించే అని పోల్చుకోగలిగితే, పేరు మారినా అది ఆ మనిషి గురించి రాసినట్టే. మీరు పేర్లు మార్చి వీధిని ఉంచారు. ఆ అపార్ట్‌మెంటులో మిగతా వాటాలవాళ్ళందరికీ నగలు పోయింది ఎవరింట్లోనో తెలుసు. వాళ్ళకు మీరు పెట్టిన కొత్తపేరు అడ్డం కాదు.

ఎంతవరకు రాయవచ్చన్న గీతను మన మద్రాసు కేసు ఒకటి గీసిపెట్టింది. హత్య కేసుల్లో ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ పేరు మీ వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జైల్లో ఉండగా అతను రాసుకున్న ఆత్మకథను వేస్తామని నక్కీరన్ పత్రిక ప్రకటించింది. అందులో కొందరు అధికారుల పేర్లున్నాయన్నారు. జైళ్ళ శాఖ వేయవద్దని బెదిరించింది. 1994లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు. అచ్చుకు ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదన్నారు. కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్నంత మేరకు అనుమతి లేకుండానే వేసుకోవచ్చన్నారు. దాన్ని దాటి ఒక మనిషి సొంత జీవితంలోకి వెళితే మాత్రం ఆ పర్యవసానం మీదేనన్నారు. వార్త ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మీ కలం మొదలవుతుంది, చట్టం కూడా సరిగ్గా అక్కడే కాపలా కాస్తోంది.

ఇంకో సంగతి. మీ భయమంతా నగలున్నవాళ్ళ గురించే. నాకు ముందు కనబడింది ఆ కార్మికురాలు. పేపర్లో ఆవిడ ఫొటో పడే ఉంటుంది, కమిషనరు శాలువా కప్పి ఉంటాడు. ఇల్లిల్లూ తిరిగి చెత్త తీసే మనిషికి ఆ నిజాయితీ పేరే ఆస్తి. మీరేమో ముక్కుపుడక దాచుకుందని రాశారు. నిజంగా ఉన్న మనిషికి దొంగతనం అంటగట్టడం కన్నా సూటి పరువునష్టం ఉంటుందా? ఆవిడ కేసు పెట్టకపోవచ్చు, లాయరును పెట్టుకునే స్తోమతు ఉండకపోవచ్చు. రేపు ఎవరో ఆ కథ చదివి, ఆవిడ పనిచేసే వీధిలో "ఒక పుడక దాచుకుందట" అంటే ఆవిడ ఏం చెప్పుకుంటుంది?

అలాగని ముక్కుపుడక తీసేయమనడం లేదు. మీ కథకు ప్రాణం అదే. తీయాల్సింది ఆ మనిషిని. వీధి, అపార్ట్‌మెంటు, పన్నెండు కాసులు, చెత్తబండి, కార్మికురాలు, తిరిగివ్వడం, అన్నీ ఒక్కచోట చేరినప్పుడే ఆవిడ కనబడుతుంది. సంచి దొరికింది చెత్తలో కాకుండా 29సి బస్సులో సీటు కింద అనుకోండి, దొరికింది కండక్టరుకి అనుకోండి. లేదా లాండ్రీకి వేసిన చీర మడతలో దొరికిందనుకోండి. తీసుకున్న మనిషి వయసు, కుటుంబం, ఉండే పేట మార్చండి. మద్రాసు వాసనకు ఒక అపార్ట్‌మెంటు పేరే ఉండాలా? పెరంబూరులో మార్గళి నెల పొద్దుటి చలీ, నీళ్ళ లారీ దగ్గర ప్లాస్టిక్ బిందెల వరసా మీకు తెలియనివా! రాశాక ఆ సంఘటన తెలిసిన ఎవరికైనా వార్త సంగతి చెప్పకుండా చదివించండి. "అయ్యో, ఇది ఫలానావాళ్ళు కదూ" అన్నారంటే ఇంకా మార్చాలి.

చివర్లో "ఇందులోని పాత్రలు కేవలం కల్పితం" అని ఒక వాక్యం వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. వేయండి, తప్పులేదు. క్రిమినల్ కేసులో మీ ఉద్దేశం ఏమిటో చూస్తారు కాబట్టి కాస్త పనికొస్తుంది. కానీ దాన్ని గొడుగనుకోవద్దు. 1908లో ఇంగ్లండులో ఒక పత్రిక సరదా వ్యాసంలో ఆర్టెమస్ జోన్స్ అనే పాత్రను సృష్టించింది. పెద్దమనిషిగా పేరున్నవాడు ఫ్రాన్సులో భార్య కాని ఆవిడతో తిరుగుతున్నట్టు రాసింది. నిజంగానే ఆ పేరుతో ఒక బారిస్టరు ఉన్నాడు! ఆయన దావా వేసి 1,750 పౌండ్లు గెలిచాడు, 1909లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. కల్పించిన పేరు కదా అన్న వాదన నిలవలేదు. సివిల్ దావాకు అచ్చయిన నాటినుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్ళు గడువు. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ.

స్కూలు పిల్ల వార్త విషయంలో ఇంత మెత్తగా చెప్పలేను. అక్కడ నిజమన్నా, కథన్నా, జాలితో రాశానన్నా చట్టం వినదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ఆ పిల్ల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఉండే పేట, దేన్నిబట్టి ఆ పిల్ల ఎవరో తెలిసినా నేరమంటుంది. ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పెద్దవాళ్ళయినా అత్యాచార బాధితురాలు ఎవరో బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు శిక్ష ఉంది. బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ వార్తలోంచి ఒక్క వివరం కూడా కథలోకి రానివ్వకండి. ఆ బాధ మీద రాయాలని ఉంటే, హాజరు పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయే టీచరు గురించి రాయండి. ఆ గది మీకు నాకన్నా బాగా తెలుసు.

కథలకోసం వార్తలే వెతకక్కర్లేదు. కోర్టు తీర్పులు చదవండి. కోర్టు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప తీర్పును వేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదు, ఆస్తి తగాదా తీర్పుల్లో నాలుగు నవలలకు సరిపడా అన్నదమ్ములు దొరుకుతారు. అక్కడా మనుషులు నిజమైనవాళ్ళేనని గుర్తుంచుకోండి, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. లాయరుగా నా చాంబరుకి వచ్చే కథలు ఇంకా బాగుంటాయి గానీ, క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదన్న నియమం నా నోరు కట్టేసింది. అందుకే మీలాంటివాళ్ళ కథలు చదువుకుంటున్నాను.

ఇంకొక్క పని. వార్తతోపాటు పడ్డ ఫొటోను స్కాన్ చేసి కథకు జతచేసి పంపాలనుకుంటే మానుకోండి. ఫొటోకు వేరే కాపీరైటు ఉంటుంది, పైగా మీరు మార్చిన వివరాలన్నీ ఆ ఒక్క ఫొటోతో వృథా అవుతాయి. బొమ్మ సంగతి పత్రిక చిత్రకారుడికి వదిలేయండి.